కనుగొనడం, పోల్చడం, పేరు పెట్టడం: సముద్ర స్పంజికల బాక్టీరియా – తెలుగు విజ్ఞానరచన భాష – పరిశీలన

వ్యాససంగ్రహం: సముద్రంలో, ముఖ్యంగా స్పంజికల శరీరాల్లో, కొత్త బాక్టీరియా బయటపడినప్పుడు తెలుగు విజ్ఞానరచన ఆ విషయాన్ని చాలావరకు “కనుగొన్నారు” అనే ఒక్క క్రియతో ముగిస్తుంది. ఆ క్రియ వెనుక వేరుచేసి పెంచడం, పోల్చి లక్షణం నిర్ణయించడం, పేరు పెట్టడం అనే మూడు పనులున్నాయి. ఈ మూడింటినీ విడదీసి చెప్పలేకపోవడంవల్ల, తెలుగు తీరాన దొరికి, హైదరాబాదు ప్రయోగశాలల్లో పరిశీలన పొంది, తెలుగు ఊళ్ల పేర్లు ధరించిన జీవుల చరిత్ర తెలుగు పాఠకుడికే దూరమవుతున్నదని ఈ వ్యాసం వాదిస్తుంది. ‘కనుగొను’, ‘క్రిమి’, ‘సహజీవనం’, ‘తోడు’ అనే మాటల అర్థపరిధిని ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: విజ్ఞానరచన, పరిభాష, స్పంజికలు, బాక్టీరియా, నామకరణం, లక్షణం, తోడు.

1. ప్రవేశిక

హైదరాబాదు ఉత్తరపు అంచున ఉన్న కౌకూర్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు చెరువులు, పొలాల మధ్య ఉన్న ఊళ్లు. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి చుట్టూ 1999 నుంచి జీనోమ్ వ్యాలీ రూపుదిద్దుకోవడంతో ‘జీనోమ్’ అనే శాస్త్రపదం అక్కడ ఒక చోటి పేరుగా మారిపోయింది. దారి చెప్పేటప్పుడు అందరి నోటా పలికే ఆ మాట, అర్థం చెప్పవలసి వచ్చేసరికి ఇంగ్లీషు పుస్తకం వైపు చూపిస్తుంది. శాస్త్రపదం వాడుకలోకి రావడం ఒకటి, అది మోసే జ్ఞానం భాషలోకి రావడం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరమే ఇక్కడి చర్చనీయాంశం.

ఆ దూరాన్ని కొలవడానికి సముద్ర బాక్టీరియా మంచి ఉదాహరణ. హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా బంగాళాఖాతపు తీరం నుంచి తెచ్చిన ఎన్నో బాక్టీరియాలను కొత్త జాతులుగా నిరూపించిన పరిశోధన ఈ నగరంలోనే జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య చింతలపాటి వెంకటరమణ, జేఎన్‌టీయూ హైదరాబాదులో ఆచార్య చింతలపాటి శశికళ, సీసీఎంబీలో ఎస్. శివాజీ నడిపిన పరిశోధనలు ఇందుకు నిదర్శనాలు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో వై. వెంకటేశ్వర్లు బృందం స్పంజికలతో సహా సముద్రజీవుల్లోని రసాయనాలను వేరుచేసింది. ఇంత పని జరిగిన నగరంలో, ఆ పనిని వివరించే తెలుగు వాక్యం ఎలా ఉంటున్నదనేది సాహిత్య, భాషా విద్యార్థులు కూడా అడగవలసిన ప్రశ్న.

2. ఒక క్రియ – మూడు పనులు

విజ్ఞాన వార్తల్లో తరచు కనిపించే తీరును ఒక నమూనా వాక్యంగా కూర్చితే ఇలా ఉంటుంది: “సముద్ర గర్భంలో కొత్త బాక్టీరియాను శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఇది భవిష్యత్తులో మందుల తయారీకి ఉపయోగపడవచ్చు.” ఇందులో తప్పు చెప్పిన మాట లేదు. కాని తెలుసుకోవలసినది కూడా దాదాపు ఏమీ లేదు.

‘కనుగొను’ అనే క్రియలో ‘కను’, ‘కొను’ అనే రెండు ధాతువులున్నాయి. చూడటం, చూసినదాన్ని తనదిగా గ్రహించడం అనే రెండు అర్థాలూ అందులో ఒదుగుతాయి. ‘కనిపెట్టు’ మరింత విశాలమైనది. టెలిఫోనును కనిపెట్టడంలో లేనిదాన్ని సృష్టించడం ఉంది. దొంగను కనిపెట్టడంలో దాగినదాన్ని పట్టుకోవడం ఉంది. రోగిని కనిపెట్టుకొని ఉండటంలో ఎడతెగని శ్రద్ధ ఉంది. ‘ఆవిష్కరణ’ మాట గ్రంథానికి, విగ్రహానికి, యంత్రానికి, ప్రకృతి సూత్రానికి సమానంగా చెల్లుతుంది. ఈ మూడు మాటలూ ‘ఇంతకుముందు ఎవరికీ కనబడనిది ఇప్పుడు కనబడింది’ అనే నాటకీయ క్షణాన్ని సూచిస్తాయి.

బాక్టీరియా విషయంలో ఆ క్షణం అరుదు. సముద్రపు నీటి బొట్టులో బాక్టీరియా ఉందని చూడటం సులభం. అది కొత్తదని చెప్పడం కష్టం. ముందుగా దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి పెంచాలి. తరువాత తెలిసిన జాతులతో పోల్చి, దేనిలోనూ చేరదని చూపాలి. చివరికి అంతర్జాతీయ నియమావళి ప్రకారం పేరు పెట్టి ప్రకటించాలి. ఆ జాతికి ప్రమాణంగా నిలిచే సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల్లోని భాండాగారాల్లో భద్రపరచాలి. ఇన్ని మెట్లకు ఏళ్లు పట్టవచ్చు. “కనుగొన్నారు” అనే క్రియ ఈ కాలాన్నంతా ఒక రోజుగా కుదిస్తుంది. శాస్త్రం అదృష్టంలా కనిపించడానికి ఈ కుదింపు ఒక కారణం.

3. స్పంజిక: ఇల్లెవరిది? పనెవరిది?

ఈ మూడు పనుల కష్టం స్పంజికల దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. స్పంజిక కదలని జంతువు. సముద్రపు అడుగును అంటిపెట్టుకొని, ఒంటినిండా ఉన్న రంధ్రాల ద్వారా నీటిని లోపలికి తీసుకుంటుంది. కశాభాలున్న కణాల కదలికవల్ల నీరు లోపలి కాలువల గుండా ప్రవహించి పెద్ద రంధ్రం ద్వారా బయటికి పోతుంది. పెద్ద స్పంజిక రోజుకు వేల లీటర్ల నీటిని ఇలా వడగట్టగలదు. ఆ నీటిలోని బాక్టీరియా దాని ఆహారం. విచిత్రమేమంటే, అదే స్పంజిక శరీరంలో జీర్ణం కాకుండా మరెన్నో బాక్టీరియాలు నివసిస్తుంటాయి. కొన్ని జాతుల్లో శరీర పరిమాణంలో దాదాపు 40 శాతం వరకు సూక్ష్మజీవులదేనని అంచనా. తినవలసిన బాక్టీరియాను, తోడుండవలసిన బాక్టీరియాను ఒకే ప్రాణి వేరుగా చూస్తున్నదన్నమాట.

ఇంతగా నిండి ఉన్నా వీటిలో అధికభాగం ప్రయోగశాలలో పెరగవు. 2004లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పరిశోధకులు స్పంజికల్లో ‘పోరిబాక్టీరియా’ అనే కొత్త విభాగాన్ని ప్రతిపాదించినప్పుడు, దానికి ఆధారం పెంచిన జీవి కాదు, జన్యువుల వరుస. పెంచలేని జీవులకు ‘కాండిడేటస్’ అనే విశేషణం చేర్చి పేరు పెట్టడం ఆచారం. తెలుగులో చెప్పాలంటే అది ‘అభ్యర్థి’ నామం, పూర్తి గుర్తింపు కోసం నిరీక్షిస్తున్న పేరు. జన్యుక్రమం ఆధారంగానే పేరుకు స్థిరత్వం ఇవ్వడానికి 2022లో ‘సీక్‌కోడ్’ అనే ప్రత్యేక నియమావళి వచ్చింది. పెంచి చూపినదానికీ, జన్యువులో చదివినదానికీ గల ఈ భేదాన్ని శాస్త్రం పేరులోనే గుర్తిస్తుంటే, తెలుగు వాక్యం రెండింటినీ “కనుగొన్నారు” అనే ఒకే ముద్రతో పంపిస్తున్నది.

కర్తృత్వం విషయంలోనూ ఇదే చిక్కు. 1950–51లో బెర్గ్‌మన్, ఫీనీ అనే రసాయన శాస్త్రవేత్తలు ఫ్లోరిడా తీరపు స్పంజికలో అసాధారణమైన న్యూక్లియోసైడ్లను గుర్తించారు. వాటి నమూనాను అనుసరించి రూపొందిన సైటరబిన్ 1969లో అమెరికాలో అనుమతి పొంది, రక్త క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడుకలో ఉంది. మొదటి గుర్తింపుకూ మందుకూ మధ్య దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి. నమూనా వార్తలోని “ఉపయోగపడవచ్చు” అనే మాట ఈ కాలాన్ని మోయలేదు. మరో స్పంజిక ‘థియోనెల్లా స్విన్‌హోయి’ చరిత్ర ఇంకా ఆసక్తికరం. దానిలో దొరికిన జీవక్రియాశీల రసాయనాలను చాలాకాలం స్పంజిక ఖాతాలోనే రాశారు. 2014లో యోర్న్ పీల్ బృందం ఒక రకం థియోనెల్లాలోని అటువంటి రసాయనాల్లో దాదాపు అన్నిటినీ తయారుచేసేది లోపల నివసించే ‘ఎంటోథియోనెల్లా’ అనే బాక్టీరియా అని చూపింది. ‘థియోనెల్లా లోపలిది’ అనేదే ఆ పేరుకు అర్థం. ఇంటివాడి పేరున చెలామణి అయిన పని ఇంట్లో ఉన్నవాడిదని తేలింది. “స్పంజిక నుంచి మందు” అని రాసే తెలుగు రచయిత ఇకముందు ఆ పంచమీ విభక్తిని కొంత జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది.

4. లక్షణ నిర్దేశం

కొత్త జాతిని ప్రకటించే పత్రంలో ‘వర్ణన’ అనే భాగం తప్పనిసరి. తెలుగు సాహిత్య విద్యార్థికి వర్ణన అనగానే ప్రబంధాల అష్టాదశ వర్ణనలు గుర్తొస్తాయి. అక్కడ సముద్రవర్ణన ఉద్దేశం సముద్రపు వైభవాన్ని అనుభవంలోకి తేవడం. జీవశాస్త్రపు వర్ణన ఉద్దేశం వేరు. కణం ఆకారమెంత, రంగేమిటి, ఎంత ఉప్పులో బతుకుతుంది, ఏ వేడిమిలో పెరుగుతుంది, ఏది తింటుంది, ఏది తినదు అని అది వరుసగా చెబుతుంది. ‘తినదు’ అనే మాటకు అక్కడ ‘తింటుంది’ అన్నంత విలువ ఉంది.

అందువల్ల దానికి దగ్గరి బంధువు కావ్యశాస్త్రంలోకన్నా తర్కశాస్త్రంలో దొరుకుతుంది. లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలు ఉండరాదని మన తార్కికులు నిర్దేశించారు. చెప్పిన లక్షణం ఆ జాతిలోని కొన్నిటికి వర్తించకపోతే అవ్యాప్తి, పక్క జాతికి కూడా వర్తిస్తే అతివ్యాప్తి. బాక్టీరియా వర్గీకరణలో నేడు పాటించే కొలతలు ఈ దోషాలను అంకెల్లో పట్టే ప్రయత్నాలే. 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులో దగ్గరి జాతితో పోలిక సుమారు 98.7 శాతానికి తక్కువైతే కొత్త జాతి అనే వాదానికి బలం ఉంటుంది. పోలిక అంతకు మించితే మొత్తం జన్యుసముదాయాలను పోల్చాలి. అక్కడ సగటు న్యూక్లియోటైడ్ సామ్యం 95–96 శాతానికి తక్కువగా ఉంటే వేరు జాతిగా లెక్కిస్తారు. ఈ అంకెలు విధివాక్యాలు కావు, పండితుల సమ్మతితో నిలిచిన హద్దులు. ‘కొత్త’ అనే విశేషణం పోలిక మీద ఆధారపడినదని, దేనితో పోల్చారో చెప్పకపోతే ఆ విశేషణానికి అర్థం పూర్తికాదని ఇక్కడ గ్రహించాలి. తెలుగు వార్తారచనలో తరచు జారిపోయే అంశం ఇదే.

5. పేర్లలో తెలుగు తీరం

వెంకటరమణ, శశికళల బృందాలు కాంతి సహాయంతో జీవించే బాక్టీరియాలపై చేసిన కృషిలో 2007 ప్రత్యేకంగా గుర్తించదగినది. ఆ ఒక్క ఏడాదే ‘రోడోవ్యూలమ్ విశాఖపట్నమెన్సే’, ‘రోజియోస్పైరా విశాఖపట్నమెన్సిస్’, ‘మారిక్రోమాటియం భీమ్లికమ్’, ‘థయోరోడోకోకస్ కాకినాడెన్సిస్’ అనే పేర్లు అంతర్జాతీయ పట్టికలో చేరాయి. ఇవి స్పంజికల నుంచి తీసినవని కాదు. తీరపు జలాల్లో, ఉప్పునీటి చెరువుల వంటి చోట్ల దొరికినవి. కాని స్పంజిక బాక్టీరియా దాటవలసిన పరీక్షే వీటికీ ఎదురైంది.

ఈ పేర్లను తెలుగులో రాయడమంటే ఇంగ్లీషు వర్ణక్రమాన్ని అక్షరాలా దించడమే అవుతున్నది. విడదీసి చూస్తే అవి యౌగికాలు. ‘థయో’ గంధకం, ‘రోడో’ గులాబీ, ‘కోకస్’ గింజ, ‘కాకినాడెన్సిస్’ కాకినాడకు చెందినది. గంధకంతో బతికే, గులాబీ ఛాయ గల, గింజలాంటి, కాకినాడ జీవి అని ఒక్క వాక్యంలో చెప్పగానే పేరే వర్ణనగా మారుతుంది. నిఘంటు సంప్రదాయంలో వ్యుత్పత్తిని ఇష్టంగా చదివే తెలుగు పాఠకుడికి ఈ వివరణ భారం కాదు.

‘భీమ్లికమ్’ మరింత ఆలోచింపజేస్తుంది. ఊరి వ్రాతపూర్వక రూపం భీమునిపట్నం. జనం నోట అది భీమిలి, ఇంకా కుదించి భీమ్లి. లాటిన్ పేరు స్వీకరించింది ఆ వాడుక రూపాన్ని. అంటే, తెలుగువారి ఉచ్చారణలోని ఒక సంక్షేపం మార్పు లేకుండా ప్రపంచ పట్టికకెక్కింది. స్థలనామ పరిశోధకులు గమనించదగిన సంగతి ఇది.

సీసీఎంబీ పరిశోధకులు 2009లో హిందూ మహాసముద్రంలోని చాగోస్–లక్కదీవ్ గట్టు నుంచి తీసిన బాక్టీరియాకు ‘భార్గవేయా సిసెంబెన్సిస్’ అని పేరు పెట్టారు. మొదటి పదంలో ఆ సంస్థ వ్యవస్థాపక సంచాలకులు పుష్ప మిత్ర భార్గవ ఉన్నారు. రెండో పదం సీసీఎంబీ అనే పొడి అక్షరాల లాటిన్ రూపం. వ్యక్తి ప్రజాతి అయ్యాడు, సంస్థ జాతి అయింది. ఒక పరిశోధన సంప్రదాయం తన కృతజ్ఞతను రెండు పదాల్లో చెప్పుకున్న తీరు ఇది. అర్థం చెప్పకుండా దీన్ని లిప్యంతరీకరణతో వదిలేస్తే ఆ కృతజ్ఞత తెలుగులో వినిపించదు.

6. పేరు నిలవకపోవడం

ఆవిష్కరణను విజయగాథగా మాత్రమే రాసే రచన మరొక సత్యాన్ని దాటేస్తుంది. పేరు శాశ్వతం కాదు. 2005లో హైదరాబాదు నుంచి ఎగరేసిన బెలూను పై వాతావరణంలో గాలిని సేకరించగా, ఆ గొట్టాల నుంచి వేరుచేసిన మూడు బాక్టీరియాలకు 2009లో కొత్త పేర్లు పెట్టారు. వాటిలో ‘బాసిల్లస్ ఆర్యభట్టాయ్’ ఒకటి. ఆర్యభటుని పేరు ధరించిన ఆ జీవి చాలా ప్రాచుర్యం పొందింది. పదేళ్ల తర్వాత, 2019లో, జన్యుసముదాయాల పోలిక ఆధారంగా అది 1884 నుంచి తెలిసిన ‘బాసిల్లస్ మెగాటెరియం’ జాతిలోనిదేనని ఒక పరిశోధన ప్రతిపాదించింది.

స్పంజికకు కూడా ఇటువంటి నష్టమే జరిగింది. నార్వే సముద్రపు ‘ప్లాకార్టిస్’ స్పంజిక పేరిట 2007లో ‘బాసిల్లస్ ప్లాకార్టిడిస్’ వెలసింది. అదే ఏడాది లద్దాఖ్‌లోని లేహ్ పేరిట ‘బాసిల్లస్ లెహెన్సిస్’ వచ్చింది. 2019లో ఈ రెండూ 2005 నాటి ‘బాసిల్లస్ ఒషిమెన్సిస్’ అనే ఒకే జాతికి పర్యాయపదాలని ప్రతిపాదించారు. సముద్రపు అడుగు, హిమాలయపు మట్టి, జపాన్‌లోని ఒషిమా ఒక్క పేరు కిందికి చేరాయి.

ఇవి ఆయా పరిశోధకుల వైఫల్యాలు కావు. తొలి పత్రాలు నాటి కొలతలతో రాసినవి, సవరణలు మరింత సూక్ష్మమైన కొలతలతో వచ్చినవి. నాటి లక్షణంలోని అతివ్యాప్తిని నేటి కొలత చూపింది. పాఠపరిష్కరణ తెలిసిన సాహిత్య పరిశోధకుడికి ఇది కొత్త అనుభవం కాదు. కొత్త తాళపత్రం దొరికితే కర్తృత్వం మారుతుంది, ప్రక్షిప్తం బయటపడుతుంది. అయినా పాత పరిష్కర్త శ్రమ వృథా కాదు. విజ్ఞానరచనలో ఈ సవరణల చరిత్ర లేకపోతే, పాఠకుడికి శాస్త్రం ప్రకటనల వరుసగా మాత్రమే అందుతుంది. తరువాత ఎప్పుడో పేరు మారిందని వింటే ఆ పాఠకుడు శాస్త్రాన్నే శంకిస్తాడు.

7. ‘క్రిమి’ నుంచి ‘తోడు’కు

తెలుగులో సూక్ష్మజీవి తొలి పరిచయం రోగం ద్వారా జరిగింది. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుంచి ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యులు అంటువ్యాధుల గురించి ప్రజలకు తెలియజెప్పడాన్ని కర్తవ్యంగా తీసుకున్నారు. ఆనాటి అవసరం అది. కలరా, ప్లేగు ఊళ్లను ఖాళీచేస్తున్న కాలంలో సూక్ష్మజీవిని శత్రువుగా చూపడం ప్రాణాలు కాపాడే రచన. కాని ఆ యుద్ధభాష అవసరం తీరాక కూడా మిగిలిపోయింది. ‘సూక్ష్మక్రిమి’ అనే మాటలోని ‘క్రిమి’ పురుగుకూ, పొలంలోని తెగులుకూ, బాక్టీరియాకూ వర్తిస్తుంది. దాని వెంట ‘సంహారం’, ‘నాశనం’ అనే ఉత్తరపదాలు తప్ప మరొకటి సులభంగా చేరదు. స్పంజిక శరీరంలో రసాయనాలు తయారుచేస్తున్న బాక్టీరియాను ‘క్రిమి’ అనగానే వాక్యం అడ్డం తిరుగుతుంది.

దీనికి మారుగా పాఠ్యగ్రంథాలు ‘సహజీవనం’ అనే పదాన్ని స్థిరపరిచాయి. పదనిర్మాణం నిర్దుష్టమే. కాని గత కొన్ని దశాబ్దాల్లో పత్రికాభాష ఆ పదాన్ని పెళ్లి లేకుండా కలిసి బతికే స్త్రీపురుషుల సంబంధానికి రూఢి చేసింది. తరగతిలో ఆ మాట చెప్పగానే వినిపించే నవ్వు పరిభాష చరిత్రలో ఒక చిన్న సాక్ష్యం. శాస్త్రపదం వాడుకలోకి వెళ్లి అర్థం మార్చుకున్నప్పుడు రచయిత దాన్ని విశేషణంతో కాపాడుకోవాలి, లేదా పక్కన మరొక మాటను నిలబెట్టాలి.

ఆ మరొక మాట వంటింట్లోనే ఉంది. గోరువెచ్చని పాలలో కొద్దిగా పెరుగు కలిపి తోడు వేయడం తెలుగు ఇళ్లలో రోజూ జరిగే పని. కొన్నిచోట్ల దాన్నే చేమిరి అంటారు. ఆ చెంచాడు పెరుగులోని బాక్టీరియా పాలచక్కెరను ఆమ్లంగా మార్చి పాలను పెరుగు చేస్తుంది. తెలుగు గృహిణికి బాక్టీరియా అనే పేరు తెలియకముందే, దాన్ని ఎలా దాచాలో, ఎంత వేడిలో కలపాలో, పులిసిపోతే ఎవరింటి నుంచి తెచ్చుకోవాలో తెలుసు. ప్రయోగశాల పని కూడా సారాంశంలో ఇదే: వేరుచేయడం, అనుకూలమైన వేడిమిలో పెంచడం, మరుసటి వాడకానికి కొంత నిలవ ఉంచడం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బాక్టీరియా భాగానికి తెలుగు పెట్టిన పేరు ‘తోడు’. శత్రువు కాదు, దాసుడు కాదు, వెంట ఉండేది.

‘తోడు’ను పారిభాషికపదంగా చేయాలనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ పని చేస్తే దానికి ఉన్న ఇంటి చనువు పోతుంది. పరస్పర లాభం, ఏకపక్ష లాభం, పరాన్నజీవనం వంటి భేదాలను ఆ ఒక్క మాట మోయలేదు కూడా. కాని స్పంజికలో బాక్టీరియా ఎలా ఉంటుందని అడిగే మొదటి ఏడాది డిగ్రీ విద్యార్థికి మొదటి వాక్యంలో ద్వారం తెరవగల శక్తి దానికుంది. ఆ తర్వాత పరిభాష దాని పని అది చేస్తుంది.

8. ముగింపు

పత్రికా వాక్యానికి స్థలం తక్కువనే సమాధానం కాదనలేనిది. అయితే మూడు పనులనూ చెప్పడానికి పెద్ద స్థలం అక్కరలేదు. పై ఉదాహరణల్లో ఒకదాన్ని ఇలా రాయవచ్చు: “భీమిలి ప్రాంతపు ఉప్పునీటి ఆక్వాకల్చర్ చెరువు నుంచి తీసిన ఒక బాక్టీరియాను హైదరాబాదు పరిశోధకులు వేరుచేసి పెంచారు. దగ్గరి జాతులతో పోల్చి అది వేరని చూపారు. గాలిలోని నత్రజనిని స్థిరీకరించలేకపోవడం దాని గుర్తుల్లో ఒకటి. 2007లో దానికి భీమిలి పేరు కలిసేలా మారిక్రోమాటియం భీమ్లికమ్ అని పేరు పెట్టారు.” నాలుగు వాక్యాల్లో చోటు, పని, పోలిక, పేరు వచ్చాయి. మందు వస్తుందనే హామీ రాలేదు. దాని అవసరం కూడా లేదు.

కాబట్టి కొత్త సూక్ష్మజీవి గురించి రాసే తెలుగు రచన మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి. దాన్ని పెంచారా, జన్యువులో మాత్రమే చదివారా? దేనితో పోల్చి కొత్తదన్నారు? ఆ పేరుకు అర్థమేమిటి? తెలుగు శాఖల్లో విజ్ఞానరచనను పరిశోధనాంశంగా తీసుకునేవారికి ఈ మూడు ప్రశ్నలు విమర్శ ప్రమాణాలుగా కూడా పనికొస్తాయి. పరిభాషా పదాల పట్టికలు తయారుచేయడంతో పాటు, ఆ పదాలు వాక్యాల్లో ఏ పని చేస్తున్నాయో, ఏ పనిని కప్పేస్తున్నాయో పరిశీలించడం నేటి అవసరం.

కాకినాడ, భీమిలి, విశాఖపట్నం పేర్లు లాటిన్ వ్యాకరణంలో ఒదిగి ప్రపంచ పట్టికలో చేరిపోయాయి. వాటిని గుర్తుపట్టి చదివే తెలుగు వాక్యం ఇంకా అలవాటు కావలసి ఉంది. జీనోమ్ వ్యాలీకి దారి చెప్పగల కౌకూర్ విద్యార్థికి ఆ వాక్యం అందినప్పుడే ‘జీనోమ్’ చోటి పేరు కావడం ఆగి, అర్థమున్న మాట అవుతుంది.